పంపులో పుట్టగొడుగులు

ఏప్రిల్ 6, ఆదివారం

చేసింది: బొంగరం. పదార్థం: ఇత్తడి, పాత తలుపు గడియ నుంచి తీసింది. కోత సులువు. పొట్టు ఇసుకలా రాలింది. నేల మీద రెండు నిమిషాల పది సెకన్లు తిరిగింది. మొన ఇంకొంచెం సన్నం చేస్తే రెండున్నర నిమిషాలు తిరుగుతుంది.

"మళ్ళీ బొంగరమేనా?" అంది మా తోడికోడలు దమయంతక్క, మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుంటూ. "లంకలో పిల్లలందరికీ రెండేసి ఉన్నాయి. ఇంక చేపలకి పంచిపెట్టు."

మమ్మల్ని కట్టుకున్న అన్నదమ్ములిద్దరూ పోయాక ఈ రెండు గదుల్లో మేమిద్దరమే మిగిలాం. అక్కకు అరవై మూడు, నాకు యాభై ఆరు. మూడేళ్ళ కిందట ఆవిడ మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రి గదిలో డయాలసిస్ చేస్తారు. మిగతా రోజుల్లో నన్ను సరిదిద్దుతూ ఉంటుంది.

నా లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ కోసే మిషను, ముప్పై కిలోలది. పాలిటెక్నిక్ మునిగిపోయిన ఏడాది మా ఆయన దాన్ని పడవలో వేసుకొచ్చాడు. అప్పటి నుంచి కుట్టుమిషన్ బల్ల మీద ఉంది. ఇప్పుడు మా తొమ్మిదో లంకలోనే కాదు, సముద్రం మీద తేలే ఏ లంకలోనూ లోహాన్ని కోసేవాళ్ళు లేరు. చెంచా దగ్గర్నుంచి చెప్పుల దాకా అన్నీ అచ్చుగదిలోనే తయారవుతాయి. ప్లాస్టిక్ తీగ చుట్ట ఎక్కించి బొత్తాం నొక్కితే చాలు. అక్కర్లేనిదంతా కోసేసి లోపలున్న వస్తువును బయటికి తీయడం నాలాంటి పిచ్చివాళ్ళ ఆదివారపు సరదా. ఏం కోశానో, దేన్ని కోశానో, ఎక్కడ చెడగొట్టానో రాసుకోవడానికి ఈ పుస్తకం.

ఏప్రిల్ 8, మంగళవారం

లేత్ పని లేదు. రాయాల్సింది మాత్రం ఉంది.

వంటశాలలో బియ్యం ఒక్కసారే కడగమన్నారు. రెండు వందల పన్నెండు మందికి వండేదాన్ని, ఒక్క కడుగుతో ఎలాగని అడిగాను. పంపుల గది చూసుకునే వీరభద్రం గారు తలుపు దగ్గరే నిలబడి, "కొన్నాళ్ళు సర్దుకోండి తాయారు గారూ" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సంగతి ఇది. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే పెద్ద పంపులో మూడు కవాటాలు ఉంటాయి. శనివారం ఒకటి పగిలింది. కొత్తది అచ్చు వేసి బిగించారు. అది ఒక్క రోజే నిలిచింది. ఇంకోటి వేశారు, అదీ అంతే. కిందటి ఓడలో వచ్చిన చుట్టలన్నీ తడి తగిలినవట. బయటికి బాగానే కనిపిస్తాయి, ఒత్తిడి పడగానే పెళుసుగా విరిగిపోతాయి. ఈ రోజు రెండో చోట ఉన్నదీ పోయింది. మిగిలింది ఒక్క పాత కవాటం.

ఓడ సంగతి రేడియోలో చెప్పారు. తుపాను వల్ల దారి మార్చుకుంది. మే మొదటివారానికి గానీ రాదు.

అక్కకు ఈ రోజు డయాలసిస్ అయింది. ఇంటికి వచ్చి హాయిగా పడుకుంది.

ఏప్రిల్ 9, బుధవారం

వీరభద్రం గారు మా ఇంటికి వచ్చారు. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. పోయినసారి వచ్చింది, నా లేత్ కరెంటు ఎక్కువ తింటోందని చెప్పడానికి.

"కూర్చోండి" అంది అక్క.

"ఆయ్, పర్లేదండి." జేబులోంచి గుడ్డలో చుట్టిన ముక్కలు తీసి బల్ల మీద పెట్టారు. "తాయారు గారూ, మీరు ఆదివారాలు ఏవో గీస్తుంటారు కదా. ఇలాంటిది గీయగలరేమోనని..."

రెండు ముక్కల్నీ అతికించి చూశాను. అచ్చం పుట్టగొడుగు. పైన బిళ్ళ, దాని కింద కాడ. కాడ ఒక గొట్టంలో పైకీ కిందికీ జారుతుంది. బిళ్ళ ఒక ఉక్కు పీట మీద కూర్చుని నీటిని ఆపుతుంది, లేస్తే వదులుతుంది. నిమిషానికి కొన్ని వందలసార్లు. బిళ్ళ వ్యాసం ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, కాడ ఎనిమిది. కాడ జారే గొట్టం లోపలి కొలత ఎనిమిది మీద మిల్లీమీటరులో ఆరు వందో వంతులు ఎక్కువ. అంటే కాడకూ గొట్టానికీ మధ్య ఒక తలవెంట్రుక మందమంత ఖాళీ.

"ఆకారం కష్టం కాదండి" అన్నాను. "దేంతో చేయాలన్నదే కష్టం. ఉప్పునీళ్ళు, ఒత్తిడి, పైగా తాగే నీళ్ళు."

"ఏదో ఒకటి చెయ్యండి తల్లీ. అచ్చు వేసినవి తప్ప ఇంకేవీ పంపులో పెట్టకూడదని నిబంధన ఉంది. నేనే చదివి వినిపించేవాణ్ణి అందరికీ." తల వంచుకున్నారు. "ఆ కాగితం నేను చూసుకుంటాను."

ఏప్రిల్ 10, గురువారం

చేసింది: పుట్టగొడుగు ఒకటి. పదార్థం: అల్యూమినియం, పాత కిటికీ చట్రం దిమ్మ నుంచి. గంటన్నర పట్టింది.

మొదటి ముక్కను ఎప్పుడూ మెత్తని లోహంతోనే చేస్తాను. అది పని చేయడానికి కాదు, కొలతలు తప్పుంటే త్వరగా తెలియడానికి. గట్టి లోహంతో మొదలుపెట్టి రెండు రోజులు చెమటోడ్చాక కాడ పొట్టిదైందని తెలిస్తే ఏడవాలి.

పంపుల గదికి పట్టుకెళ్ళాను. సరిగ్గా కూర్చుంది. పంపు ఆడించి చూశారు, నీళ్ళు రెట్టింపు వచ్చాయి. వీరభద్రం గారి మొహం చూడాలి.

"దీన్ని తీసెయ్యాలండి" అన్నాను. "కొలత చూడడానికే. ఉక్కు పక్కన అల్యూమినియం పెట్టి ఉప్పునీళ్ళు పోస్తే తినేస్తుంది."

"అలాగేనండి, సాయంత్రానికి తీసేస్తాను."

వంటకు వేళవుతోందని వచ్చేశాను.

ఏప్రిల్ 12, శనివారం

తీయలేదు.

పొద్దున్న వెళ్ళేసరికి పంపు అదే జోరులో ఆడుతోంది. ఆపించి విప్పించాను. బిళ్ళ అంచు నిండా గుంటలు, గుంటల నిండా తెల్లటి పొడి. రెండు రోజుల్లో ముక్కలో పదో వంతు నీళ్ళలోకి పోయింది.

"జనం బిందెలు పట్టుకుని నిలబడ్డారండి. నీళ్ళు వస్తుంటే ఆపడానికి చేతులు రాలేదు" అన్నారు వీరభద్రం గారు.

కోప్పడడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న శుక్రవారం. నిన్న అక్కకు డయాలసిస్ చేశారు. ఈ నీళ్ళతోనే.

ఆసుపత్రి గదికి పరుగెత్తాను. నర్సు ఎస్తేరు బంధువు కాదు గానీ మమ్మల్ని పెద్దమ్మగారూ, పిన్నిగారూ అని పిలుస్తుంది. నేను చెప్పింది విని చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టేసింది.

"అల్యూమినియమా? పిన్నిగారూ, మామూలు మనుషులు తాగితే కిడ్నీలు బయటికి పంపేస్తాయండి. పెద్దమ్మగారికి ఆ దారి లేదు. పైగా ఒక్క విడతకి నూట ఇరవై లీటర్లు ఆవిడ నెత్తుటి పక్కనించి పోతాయి. ఎక్కువైతే మెదడు మీద పడుతుంది. మతిమరుపు, మాట తడబాటు..."

"ఇప్పుడేం చేద్దాం?"

"నిన్నటి నీళ్ళు కొంచెం తీసి ఉంచాను, ఎప్పుడూ ఉంచుతాను. పరీక్ష పెడతాను. రేపు మధ్యాహ్నానికి తెలుస్తుంది."

ఇంటికొచ్చి అక్కను ప్రశ్నలతో విసిగించాను. నా పెళ్ళి నాడు ఏం వండారు? బావగారి పడవ పేరేంటి? "నీకేమైందే?" అంది. చెప్పేశాను. దాచలేకపోయాను. దిండు సరిచేసుకుంది. తర్వాత, "పెళ్ళిలో గుత్తొంకాయ మాడింది" అంది. "అది మర్చిపోతే అప్పుడు భయపడు."

ఆ ముక్క మీద ఒక్క మాట గీసి ఉంటే సరిపోయేది, కొలతకు మాత్రమే అని. నోటితో చెప్పి వచ్చేశాను. ఈ తప్పులో సగం నాది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎస్తేరు తానే వచ్చింది. గుమ్మంలోంచే చెయ్యి ఊపింది. పరిమితిలో పదో వంతు కూడా లేదు. పంపు తర్వాత ఉండే జల్లెడ పొర దాదాపు అంతటినీ ఆపేసిందట. అక్కకు ఏమీ కాదు.

నేను వంటగదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. "ఏడ్చిందా?" అని అక్క ఎస్తేరును అడగడం వినిపించింది. "ఏడుస్తున్నారండి." "ఏడవనియ్యి. నిన్నట్నించీ బిగబట్టుకుంది."

ఒక గంట మాత్రమే తేలిగ్గా ఉన్నాను. మూడు గంటలకు మిగిలిన మూడో కవాటం కూడా పగిలింది. పంపు ఆగిపోయింది. తొట్టిలో పదిహేను వేల లీటర్లు ఉన్నాయి. మనిషికి ఆరేసి లీటర్లు చొప్పున ఇరవై అయిదో తారీఖు దాకా వస్తాయి. ఓడ మే నాలుగున. మధ్యలో తొమ్మిది రోజులు ఉత్త ఉప్పునీళ్ళు.

ఏప్రిల్ 15, మంగళవారం

వీరభద్రం గారు ఇత్తడితో చేయమన్నారు, బొంగరాలు బాగా వచ్చాయి కదా అని. వద్దన్నాను. సులువుగా తెగే ఇత్తడిలో సీసం కలుపుతారు. సీసం లేనిదైనా ఉప్పునీళ్ళలో అందులోని జింకు కరిగిపోయి, మిగిలింది పాత స్పాంజిలా బొరియలు పడుతుంది. ఎస్తేరును అడిగితే రెండు చేతులూ అడ్డంగా ఊపింది. సీసమే కాదు, డయాలసిస్ నీళ్ళలో రాగి చేరినా నెత్తురు పాడవుతుందట.

తర్వాతది స్టెయిన్‌లెస్ స్టీలు. అన్నిటికంటే అదే సరైనది. రేవు దగ్గర పిట్టగోడ కమ్మీ ఒకటి కోసి తెచ్చారు.

చేసింది: ఏమీ లేదు. చెడగొట్టింది: కమ్మీ రెండు ముక్కలు, కోత పనిముట్లు నాలుగు. ఈ లోహానికి ఒక గుణం ఉంది. గట్టిగా కోస్తే తెగుతుంది, మెల్లగా గీకితే ఆ గీకిన చోట ఇంకా గట్టిపడుతుంది. గట్టిగా కోసే బలం నా లేత్‌కు లేదు. బెల్టు జారింది, మోటారు మూలిగింది, ముక్క అద్దంలా మెరిసి ఇక పనిముట్టును దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రానికి బిళ్ళలాంటిది ఒకటి వచ్చింది గానీ దాని ముఖం నిండా అలలే. నీళ్ళు ఆగవు.

ఇవన్నీ ఇంకో రోజైతే నవ్వుతూ రాసేదాన్ని. ఈ రోజు మంగళవారం. ఎస్తేరు అక్క కోసం మిషను సిద్ధం చేసింది. అక్క వెళ్ళలేదు.

"నూట ఇరవై లీటర్లు" అంది. "ఇరవై మంది ఒక రోజు తాగే నీళ్ళు. నా పక్కనించి పోనిచ్చి కాలవలో పోస్తారా? పంపు ఆడేదాకా నాకొద్దు."

"అక్కా, ఎవరూ వద్దనలేదు. లంక సంఘం వాళ్ళు నీకు విడిగా ఉంచమన్నారు."

"వాళ్ళు మంచివాళ్ళు గనక అన్నారు. నాకు సిగ్గుండాలి కదా."

ఎంత చెప్పినా వినలేదు. ఉప్పు, అరటిపండు, పప్పు మానేసింది. రోజుకు రెండు గ్లాసుల నీళ్ళే తాగుతోంది.

ఏప్రిల్ 17, గురువారం

చేసింది: పుట్టగొడుగులు మూడు. పదార్థం: నైలాన్, పాత వల గిలకల నుంచి. తెల్లగా, మెత్తగా, లేత్‌కు ఇష్టమైన ముక్క. నిన్న మధ్యాహ్నానికే అయిపోయాయి. విషం లేదు, తుప్పు లేదు.

ఈసారి మాత్రం వీరభద్రం గారికి ఇవ్వలేదు. ఇక ఏ ముక్క అయినా ముందు ఒక రోజు ఉప్పునీళ్ళలో నానాలి, తర్వాతే పంపులోకి. నిన్న గాజు సీసాలో వేసి మూత పెట్టాను. ఆయన రెండుసార్లు వచ్చి సీసా చూసి వెళ్ళారు.

ఈ రోజు తీసి కొలిచాను. నిన్న కాడ సరిగ్గా ఎనిమిది. ఈ రోజు ఎనిమిది మీద ఆరు వందో వంతులు. నీళ్ళు తాగి ఉబ్బింది. గొట్టంలో పెడితే దిగింది, మళ్ళీ పైకి రాలేదు. శ్రావణంతో పీకాల్సి వచ్చింది.

"కాడ సన్నంగా చేస్తే?" అన్నారు వీరభద్రం గారు.

"ఇది ఆగదండి. వారాల తరబడి ఉబ్బుతూనే ఉంటుంది. ఉబ్బినకొద్దీ మెత్తబడుతుంది. ఈ రోజుకి సరిపోయేలా చేస్తే పది రోజుల తర్వాత బిగుసుకుంటుంది. బాగా వదులుగా చేస్తే ఇప్పుడే పక్కకి వాలుతుంది."

ఆయన అరుగు మీద కూలబడ్డారు. "నా చేతులతో బిగించిన పంపండి ఇది" అన్నారు. "పదకొండేళ్ళు. ఒక్క పూట కూడా నీళ్ళు ఆగలేదు."

అక్క కాళ్ళు ఉబ్బాయి. వేలు పెడితే గుంట పడి అలాగే ఉంటోంది. కొలిచే సాధనాలు పక్కన పెట్టి ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నైలాన్ ఉబ్బితే సీసాలోంచి తీసి పారేశాను. ఇక్కడ ఏం చేయను?

ఏప్రిల్ 18, శుక్రవారం

పొద్దున్న అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని, "ఏం తెల్ల ముక్క అది, పనికిరాదన్నావు?" అని అడిగింది. పడుకుంటే ఆయాసం వస్తోంది.

"నైలాన్. నీళ్ళు తాగి బిగుసుకుపోతుంది."

"మరి పంటుకి చుక్కాని దగ్గర ఉండేది కూడా తెల్లదే కదే? మీ బావగారు దాన్ని చూసి మురిసిపోయేవారు. పన్నెండేళ్ళు ఉప్పునీళ్ళలో ఉంది, చుక్కాని ఒక్కనాడు బిగుసుకోలేదు. ఒక్క వేలితో తిప్పేవారు."

నేను చేస్తున్న పని ఆపేశాను.

బావగారు నడిపిన పంటు, అంటే బల్లకట్టు, లంక పడమటి అంచున కట్టేసి ఉంది. ఇప్పుడు దాని మీద సముద్రపు నాచు ఆరబెడతారు. చుక్కాని ఇరుసు తిరిగే చోట మణికట్టంత మందాన తెల్లటి తొడుగు ఉంటుంది. ఎన్నోసార్లు చూశాను. తెల్లగా ఉన్న ప్రతిదీ నైలానే అనుకుని వదిలేశాను.

వీరభద్రం గారూ నేనూ రంపం పట్టుకుని వెళ్ళాం. నాచు ఆరేస్తున్న ఆడవాళ్ళు పక్కకి జరిగారు. తొడుగు బయటికి తీయడానికి గంట పట్టింది. పైన పాకుడు, కింద పాలలాంటి తెలుపు. ఇరుసు తిరిగిన చోట కూడా అరుగుదల కనిపించలేదు.

నైలాన్ కాకపోతే ఎసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్ అయ్యుండాలి. ఎసిటాల్ కూడా అంతే తెలుపు, అంతే నునుపు. కానీ నీళ్ళు తాగదు. కాల్చి వాసన చూస్తే తేడా తెలుస్తుంది గానీ ఎసిటాల్ పొగ మంచిది కాదు. ఇంకో దారి ఉంది. నైలాన్ తేలిక, ఎసిటాల్ బరువు. మామూలు నీళ్ళలో రెండూ మునుగుతాయి. ఉప్పు ఇక కరగనంత చిక్కగా కలిపిన నీళ్ళలో నైలాన్ తేలాలి, ఎసిటాల్ మునగాలి.

వంటశాల స్టీలు గిన్నెలో అలా కలిపి తెచ్చాను. ఎస్తేరు కూడా వచ్చింది. అక్క కుర్చీ గుమ్మంలోకి జరిపించుకుంది. ముందు గిలక ముక్క వేశాను. బెండులా తేలింది. చెంచాతో కిందికి తోస్తే మళ్ళీ పైకి వచ్చింది.

తర్వాత తొడుగు ముక్క వేశాను.

తిన్నగా కిందికి పోయి గిన్నె అడుగున టక్కుమని తగిలింది.

వీరభద్రం గారు వంగి గిన్నెలోకి చూశారు. "మునిగిందండి" అన్నారు, అదేదో మాకు కనిపించనట్టు. "మునిగిందండీ బాబూ!" అని ఈసారి బయట ఉన్నవాళ్ళకు వినిపించేలా అరిచారు.

చేసింది: పుట్టగొడుగులు మూడు. పదార్థం: ఎసిటాల్, పంటు తొడుగు నుంచి. పొట్టు రిబ్బన్లలా పొడుగ్గా, చల్లగా వచ్చింది. తాగే నీళ్ళకు కాబట్టి ఒక్క చుక్క నూనె వాడలేదు. ప్లాస్టిక్ కదా అని బిళ్ళ మందం నాలుగుకు బదులు ఆరు చేశాను, లోపల చోటుంది. మూడోదాని కాడ రెండు వందో వంతులు పెద్దదైతే ఊపిరి బిగబట్టి ఇంకో కోత వేశాను. సాయంత్రం అయిదు గంటలకు మూడూ సీసాలో పడ్డాయి.

ఏప్రిల్ 19, శనివారం

ఇంత కష్టమైన రోజు ఈ పుస్తకంలో లేదు. చేయడానికి ఏమీ లేదు, వేచి చూడడమే.

వీరభద్రం గారు తొమ్మిదింటికి వచ్చారు. "పన్నెండేళ్ళు నీళ్ళలో ఉన్నదే కదండీ. మళ్ళీ నానబెట్టడం దేనికి?"

"పైపైన ఉన్నది నీళ్ళలో ఉంది. నేను కోసింది లోపలిది. అల్యూమినియం విషయంలో తొందరపడ్డాం కదండీ."

ఆయన సీసా వంక చూసి వెళ్ళిపోయారు.

పదకొండింటికి ఎస్తేరు అక్క గుండె, ఊపిరితిత్తులు విని నన్ను పక్కకి పిలిచింది. "పిన్నిగారూ, నేను రేపు పొద్దుటి దాకానే ఆగుతాను. పంపు ఆడినా ఆడకపోయినా తొట్టి నీళ్ళతో మొదలుపెట్టేస్తాను. ఆవిణ్ణి అడగను."

ఇది అక్కకు వినిపించింది. అంత ఆయాసంలోనూ, "అడక్కు తల్లీ, అడిగితే వద్దంటాను" అంది.

నేను సీసా బయటికి తీయబోయాను. ఇంకా ఆరు గంటలుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది. "నానబెట్టు. నీకు నమ్మకం కుదిరాకే పెట్టు. నీళ్ళు నా ఒక్కదానికేనా?"

అయిదు గంటలకు తీశాను. తుడిచాను. మైక్రోమీటర్ బిగించాను. ఎనిమిది. మళ్ళీ కొలిచాను. ఎనిమిది. మూడోది కూడా అంతే. గొట్టంలో వేస్తే దాని బరువుకే జారి దిగింది, తలకిందులు చేస్తే జారి చేతిలో పడింది.

అయిదున్నరకు బిగించాం. ఆరింటికి ఇంకా ఎండ ఉండగానే వీరభద్రం గారు మీట వేశారు. పంపు ఒకసారి దగ్గింది. ఒత్తిడి ముల్లు మెల్లగా లేచి, అరవై దాటి, నిలబడింది. చివర గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత తుంపర్లు, తర్వాత ధార. ఆయన దోసిట్లో పట్టి తాగారు. నాకూ పట్టారు. తియ్యగా ఉన్నాయి. అంటే ఉప్పు లేదు, అంతే.

ఈసారి నేను వంటకు పోలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. అన్నం ఎవరో వండారు.

ఏప్రిల్ 20, ఆదివారం

పంపు ఆడుతోంది. మూడు కవాటాలూ సమంగా కొట్టుకుంటున్నాయి. ఎస్తేరు తెల్లారగానే నీళ్ళు పరీక్ష చేసి సరేనంది. ఎనిమిదింటికి అక్కకు సూదులు పెట్టింది.

నాలుగు గంటలు పక్కనే కూర్చున్నాను. మొదటి గంట అక్క కళ్ళు మూసుకునే ఉంది. రెండో గంటలో ఆయాసం తగ్గింది. మూడో గంటలో పక్కమీద సర్దుకుని, "ఆ మిషను మోత నీ లేత్ కంటే నయం" అంది. మూడు కిలోల నాలుగు వందల గ్రాముల నీరు తీశారు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నా భుజం పట్టుకుంది గానీ బరువు వేయలేదు.

మధ్యాహ్నం ఇద్దరం పడుకున్నాం. నేను నాలుగింటికి లేచాను. పదిహేను రోజుల్లో అంతసేపు నిద్రపోవడం ఇదే.

మే 4, ఆదివారం

ఓడ వచ్చింది. బియ్యం, మందులు, కొత్త చుట్టలు. వాటితో పాటు సరుకులు పంపే డిపో వాళ్ళు మూడు కొత్త కవాటాలు తామే అచ్చు వేసి, మూసిన కవర్లో పంపారు. వెంటనే మార్చాలని కాగితం కూడా ఉంది.

వీరభద్రం గారు నన్ను పిలిపించారు. అక్క కూడా వస్తానంది, రెండు వీధులూ తనంతట తానే నడిచింది. పంపుల గది బయట బల్ల మీద కూర్చుంది.

పంపు విప్పి నా మూడు పుట్టగొడుగులూ బయటికి తీశారు. పదిహేను రోజులు రాత్రీ పగలూ ఆడినవి. బిళ్ళ ముఖం మీద పీట ఆనిన చోట సన్నటి గీత ఒకటి, గుండ్రంగా, తెగకుండా. అంత చక్కగా ఆనిందని అర్థం. కాడ కొలిచాను. మైక్రోమీటర్ మీద అంకె మారలేదు. ఆయనకు ఇచ్చాను, ఆయనా కొలిచారు.

ఒక చేతిలో డిపో కవరు, ఇంకో చేతిలో నా ముక్కలు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. పెట్టమని నేను చెప్పకూడదు అనిపించింది. చివరికి ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"దమయంతి గారండీ, కాగితం ప్రకారం కొత్తవి వెయ్యాలండి. ఇవేమో ఇలా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ నీళ్ళు మీవే. మీరేవంటారు?"

అక్క రెండిటినీ చేతిలోకి తీసుకుంది. కవరు తిప్పి చూసింది. నా ముక్క ఒకదాన్ని బొటనవేలితో తడిమింది.

"బాగా ఆడుతున్నదాన్ని ఎందుకు కదుపుతావు బాబూ?" అంది. "ఈ కవరు దాచి ఉంచు. పంపు మూసెయ్యి."

"ఆయ్" అన్నారాయన.

లోపలికి వెళ్ళి నా మూడింటినీ వాటి వాటి చోట్లలో కూర్చోబెట్టారు. మూత పెట్టారు. పన్నెండు బోల్టులు బిగించారు. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మీట వేశారు, పంపు అందుకుంది.